మా ఎర్రయ్యను వెతికి చూపించాకే సంతకం పెట్టండి

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి, వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు, కిడ్నీ రోగుల వివరాలను కంప్యూటర్‌కెక్కించే విషయంలో సలహా చెప్పే డాక్టర్లకు, ఇంజనీర్లకు

నమస్కారం.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు పడ్డవాళ్ల పరీక్షలు, డయాలసిస్, మందులు, పింఛను అన్నీ ఒక్క చోట కనపడే రిజిస్టర్ కావాలన్న మాట మా ఊళ్లలో ఈనాటిది కాదు. పలాసలో 2023 డిసెంబరులో పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచాక ఆ అవసరం ఇంకా పెరిగింది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ ఏడు మండలాల్లో జబ్బు ఎందుకొస్తోందో తేల్చాలన్నా, వచ్చినవాళ్లకి సరిగ్గా మందు అందాలన్నా ముందు లెక్క సరిగ్గా ఉండాలి. ఈ పని ఎవరి చేతికి వచ్చినా మొదట పుట్టే ప్రశ్న ఒకటే: వివరాలు దాచి వెతికిపెట్టడానికి ఏ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ తీసుకుందాం? ఆ ప్రశ్న మీ బల్ల మీదకు రాకముందే, వచ్చేసి ఉంటే సంతకాలు కాకముందే చెబుదామని ఈ ఉత్తరం.

నాది కంచిలి మండలం. పదిహేనేళ్లుగా డేటాబేస్ పనే నాకు అన్నం పెడుతోంది. హైదరాబాద్‌లో, విశాఖలో చేసి, ఇప్పుడు ఇంటి దగ్గర నుంచే చేస్తున్నాను. డేటాబేస్‌లలో ఎక్కువ కాలం ఒరాకిల్ మీద, తర్వాత పోస్ట్‌గ్రెస్ మీద పనిచేశాను. ఏ కంపెనీకీ ఏజెంటుని కాను. ఈ టెండరులో నాకు రూపాయి వచ్చేదీ లేదు, పోయేదీ లేదు.

మా నాన్న పేరు ఎర్రయ్య. కిడ్నీ ఎలా పనిచేస్తోందో రక్తపరీక్షలో చెప్పే క్రియాటినిన్ పెరిగిందని తెలిసిన దగ్గర్నుంచి నాలుగేళ్లలో మూడు చోట్ల చూపించుకున్నాడు. ఒకచోట ఎర్రయ్య అని రాశారు, ఒకచోట యర్రయ్య అని రాశారు, మూడోచోట ఇంగ్లీషులో ‘వై’తో మొదలుపెట్టారు. మూడు ఓపీ నంబర్లు వచ్చాయి. ఒకరోజు, ఆ మూడింట్లో ఒకచోట కౌంటర్ దగ్గర నిలబడ్డాం. ఆపరేటర్ అమ్మాయి పేరు కొట్టి, “ఈ పేరుతో ఎవరూ లేరండీ” అంది. నాన్న బట్టల షాపు కవర్లోంచి కాగితాల కట్ట తీసి కౌంటర్ మీద పెట్టాడు. మడతల దగ్గర చిరిగిపోయి, చెమటకి ఒకదానికొకటి అతుక్కుపోయిన రిపోర్టులు. ఆ అమ్మాయి పాపం ఓపిగ్గా ‘వై’తో కొట్టి చూసింది. ముగ్గురు వచ్చారు. ముగ్గురి పుట్టిన తేదీ జనవరి 1. మా నాన్నదీ జనవరి 1 అనే ఉంది, ఎందుకంటే ఆయనెప్పుడు పుట్టాడో ఆయనకే తెలీదు, కార్డు తీసేటప్పుడు వయసు చెబితే వాళ్లే వేసుకున్నారు. వెనక లైను పెరిగిపోతోంది. “కొత్త నంబరు ఇచ్చేస్తానండీ” అంది. నాన్న నావైపు తిరిగి, “ఏటమ్మా, నానేటి ముగ్గురు మనుసులా?” అన్నాడు. ఆ రోజుతో నలుగురయ్యాడు. పది రోజుల కిందట చేసిన రక్తపరీక్షలే మళ్లీ చేశారు, ఎందుకంటే కొత్త నంబరు కింద పాత రిపోర్టు ఏదీ లేదు.

తప్పు ఆ అమ్మాయిది కాదు. అక్కడున్న కంప్యూటర్‌ది కూడా కాదు. ఆ సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్లు కొనేముందు దానికి మా నాన్నని చూపించలేదు.

అమ్మేముందు సాఫ్ట్‌వేర్‌ని నడిపి చూపించే డెమోల సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే అమ్మేవాళ్ల పక్షాన నేనూ కూర్చున్నాను. డెమోలో పేషెంటు పేరు ఎప్పుడూ రవి కుమార్ అనే ఉంటుంది. పుట్టిన తేదీ పూర్తిగా ఉంటుంది. చిరునామాలో వీధి, ఇంటి నంబరు, పిన్‌కోడ్ చక్కగా మూడు గళ్లలో ఉంటాయి. బటన్ నొక్కగానే రంగురంగుల గ్రాఫులు వస్తాయి. చూసేవాళ్లకి ముచ్చటేస్తుంది. ఆ గ్రాఫులకీ కింద ఉన్న డేటాబేస్‌కీ పెద్ద సంబంధం లేదని ఎవరూ చెప్పరు. నేనూ చెప్పలేదు.

అందుకే నేనడిగేది ఒక్కటే. ఎవరొచ్చినా మీ పెన్‌డ్రైవ్ పక్కన పెట్టండి అనండి. మన దగ్గర 500 వరుసల ఫైలు ఒకటి ఉండాలి. మన ఊళ్ల పేర్లతో, మన తప్పులతో, మన గందరగోళంతో. అది వాళ్ల చేతికిచ్చి, రెండు రోజులు టైమిచ్చి, మీ ముందే ఎక్కించమనండి. ఆ తర్వాత, “ఇందులో ఎర్రయ్యలు ఎంతమంది ఉన్నారో వెతికి చూపించు బాబూ” అనండి.

ఆ 500 వరుసల్లో ఏముండాలో కాస్త వివరంగా చెబుతాను, అసలు కథంతా అక్కడే ఉంది.

మొదట పేర్లు. మా వైపు ఏ వీధిలో “సింహాచలం” అని పిలిచినా ఒకడు పలుకుతాడు, లేదా ఒకావిడ పలుకుతుంది. మగవాళ్లకీ ఆడవాళ్లకీ అదే పేరు. అప్పన్న, అప్పలస్వామి, అప్పలనరసమ్మ సరేసరి. ఆడవాళ్లకి పుట్టింటి ఇంటిపేరు ఒక కార్డులో, అత్తింటిది ఇంకో కార్డులో ఉంటుంది. ఇచ్ఛాపురం, మందస వైపు ఒడియా ఇంటిపేర్లు కలుస్తాయి. వాటిని తెలుగులో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. కంపెనీవాళ్లు “మా దగ్గర సౌండెక్స్ ఉంది సార్, ఉచ్చారణ బట్టి వెతుకుతుంది” అంటారు. నిజమే, చాలా డేటాబేస్‌లలో అది ఉంటుంది. అది ఇంగ్లీషు పేర్ల కోసం వందేళ్ల కిందట పుట్టిన పద్ధతి. పేరులో మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, మిగతావాటిని అంకెలుగా మారుస్తుంది. అంటే ఇంగ్లీషు ‘ఇ’తో మొదలైన ఎర్రయ్య, ‘వై’తో మొదలైన ఎర్రయ్య దాని లెక్కలో ఎప్పటికీ వేరు మనుషులే. మా నాన్నకి జరిగింది సరిగ్గా ఇదే. అక్షరాల్ని మూడేసి ముక్కలుగా విడగొట్టి పోలిక చూసే పద్ధతి ఒకటి పోస్ట్‌గ్రెస్‌తో ఉచితంగా వస్తుంది. ఇంగ్లీషు స్పెల్లింగుల మీద అది ఇంతకంటే బాగా పనిచేస్తుంది. అయినా మన పేర్లకి మన పట్టిక ఒకటి రాసుకోక తప్పదు. ఎర్ర, యర్ర ఒకటే, ఎల్లమ్మ, యల్లమ్మ ఒకటే అని దానికి ఎవరో ఒకరు చెప్పాలి. ఆ పని కంపెనీవాడికి రాదు. పాతికేళ్లు జనాభా రిజిస్టర్ రాసిన ఏఎన్ఎంకి వస్తుంది.

ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. ఒకే మనిషికి నాలుగు నంబర్లుంటే నష్టం డబ్బు, టైము, నెత్తురు. ఇద్దరు మనుషుల్ని ఒకే నంబరు కింద కలిపేస్తే ప్రాణం మీదకొస్తుంది. ఒక సింహాచలం రిపోర్టు చూసి ఇంకో సింహాచలానికి మందు రాస్తారు. కాబట్టి కంప్యూటర్ తనంతట తాను కలపకూడదు. “వీళ్లిద్దరూ ఒకరేనేమో చూడండి” అని అడగాలి. మనిషి చూసి కలపాలి. కలిపింది తప్పని ఏడాది తర్వాత తేలినా, ఏ రిపోర్టు ఎవరిదో మళ్లీ విడదీయగలగాలి. డెమోలో ఇద్దరిని కలపమనండి, తర్వాత విడదీయమనండి. నేను చూసినంతలో సగంమంది ఇక్కడే నీళ్లు నములుతారు.

తర్వాత తెలుగు. “తెలుగు సపోర్టు ఉందా?” అని అడిగితే అందరూ ఉందనే అంటారు. అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లో నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగు వచ్చి మూడు దశాబ్దాలు దాటింది, లేదని అనేవాడెవడు? చిక్కు ఎక్కడంటే, డేటాబేస్‌లో మామూలుగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు (కంప్యూటర్లో చోటుకి కొలత) పడితే తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు పడతాయి. గుణింతం గుర్తు, సున్నా కూడా విడివిడిగా లెక్కే. ‘సింహాచలం’లో అలాంటివి ఎనిమిది, అంటే 24 బైట్లు. అదే పేరు ఇంగ్లీషులో 11 బైట్లే. ఒరాకిల్‌లో ఏమీ చెప్పకుండా వదిలేస్తే గడి నిడివిని బైట్లలో లెక్కపెడుతుంది. పేరుకి 20 చాలులే అని ఎవరో ఇంగ్లీషు దృష్టితో పెట్టిన గడిలో మన సింహాచలం పట్టడు. ఒక పాత ప్రాజెక్టులో పై ప్రోగ్రాం తోకని కత్తిరించి లోపలికి పంపేది. వందలమంది ‘సింహాచ’లు నా కళ్లతో చూశాను. అక్షరాల్లో లెక్కపెట్టమని ఒక్క మాట రాస్తే పోయేది. పోస్ట్‌గ్రెస్, మై ఎస్క్యూఎల్ మామూలుగానే అక్షరాల్లో లెక్కపెడతాయి.

ఇంకా సన్నది ఒకటుంది. ‘రమేష్’ అని ఇద్దరు కొట్టారనుకోండి. కొన్ని కీబోర్డులు చివరి పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక గుర్తును చేరుస్తాయి. తెర మీద రెండూ ఒకటే, డేటాబేస్‌కి మాత్రం వేరు. వెతికితే దొరకదు. ఎక్కించేటప్పుడే ఆ గుర్తుల్ని తుడిచే ఏర్పాటు ఉందా అని అడగండి. పాత జాబితాలు కొన్ని ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో ఉంటాయి. అవి కాగితం మీద తెలుగు, కంప్యూటర్ లోపల మాత్రం పిచ్చిగీతలు. వాటిని ముందు యూనికోడ్‌లోకి మార్చాలి. ఆ ఖర్చు ఎవరిదో టెండరులోనే రాయండి, లేకపోతే తర్వాత అదొక గొడవ.

ఊళ్ల సంగతి ఇంకా తమాషా. ఆమదాలవలస వేరు, రేగిడి ఆమదాలవలస వేరు. కొత్తూరు మండలం వేరు, వజ్రపుకొత్తూరు మండలం వేరు. ‘పుట్టుగ’తో ముగిసే ఊళ్లు మా వైపు ఎన్నో. జిల్లాలు కూడా ఒకచోట నిలబడవు. 2022 ఏప్రిల్ 4న రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి. పాలకొండ, వీరఘట్టం, సీతంపేట, భామిని పార్వతీపురం మన్యంలో కలిశాయి. పార్వతీపురంలో 1949లో పుట్టిన మనిషిని తీసుకోండి. పుట్టింది విశాఖపట్నం జిల్లా. 1950లో శ్రీకాకుళం జిల్లా వాడయ్యాడు, 1979లో విజయనగరం వాడయ్యాడు, 2022లో మన్యం వాడయ్యాడు. గడప దాటకుండా నాలుగు జిల్లాలు తిరిగొచ్చాడు. అలాంటప్పుడు రోగి నంబరులో జిల్లా కోడ్, మండలం కోడ్ ఇరికించే డిజైన్ తెచ్చి ఎవరైనా చూపిస్తే మర్యాదగా టీ ఇచ్చి పంపేయండి. మనిషి నంబరుకి అర్థం ఉండకూడదు. ఊరు, మండలం, జిల్లా వేరే పట్టికలో ఉండాలి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎక్కడున్నాయో రాసి ఉండాలి. ఆధార్‌నో, 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరునో తెచ్చినవాళ్లది రాసుకోవచ్చు గానీ, దాని మీదే మొత్తం ఇల్లు కట్టకూడదు. అన్నిసార్లూ అందరూ తేరు, తెచ్చినా కొట్టేటప్పుడు ఒక అంకె జారుతుంది.

ఇక పరీక్షల అంకెలు. మన ల్యాబ్‌లు క్రియాటినిన్‌ని డెసిలీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. విదేశీ పరిశోధకులు చాలామంది లీటరుకి మైక్రోమోల్ లెక్కలో రాస్తారు. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చాలంటే 88.4తో హెచ్చించాలి. గడిలో ఉత్త అంకె ఒక్కటే ఉండి కొలత ఏమిటో లేకపోతే పదేళ్ల తర్వాత ఆ అంకెకి విలువ లేదు. చుక్క మర్చిపోతే 1.2 కాస్తా 12 అవుతుంది. 12 అంటే తప్పని కొట్టేయడానికీ వీల్లేదు, డయాలసిస్‌కి వచ్చేవాళ్లలో అలాంటి అంకెలు కనిపిస్తూనే ఉంటాయి. కాబట్టి సాఫ్ట్‌వేర్ ఆపకూడదు, అడగాలి. “పోయిన నెల 1.1 ఉంది, ఇప్పుడు 12 అంటున్నారు, నిజమేనా?” అని. ఈ ప్రశ్న అడగడం ఏ పెద్ద బ్రాండుకైనా, ఉచిత సాఫ్ట్‌వేర్‌కైనా వచ్చు. అడిగేలా రాయించుకోవడమే మన పని.

ఇప్పుడు బ్రాండ్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను తొందరగా వెళ్లిపోతాను, ఎందుకంటే అందరూ అనుకున్నంత తేడా ఇక్కడ లేదు.

ముందు ‘ఇది చాలా పెద్ద ప్రాజెక్టు’ అన్న భయం పోవాలి. 50,000 మంది అనుకుందాం. ఒక్కొక్కరికి ఏడాదికి 200 వరుసలు. వారానికి మూడుసార్లు డయాలసిస్ అయితేనే ఏడాదికి 156 అవుతాయి కదా, మిగతావి పరీక్షలు, మందులు. ఇరవై ఏళ్లకి 20 కోట్ల వరుసలు. వరుసకి 500 బైట్లు వేసుకున్నా 100 జీబీ. మీ పిల్లల ఫోన్లో ఉన్న వీడియోలు ఇంతకంటే ఎక్కువ ఉండొచ్చు. ఏ మంచి డేటాబేస్ అయినా దీన్ని తేలిగ్గా మోస్తుంది. ‘బిగ్ డేటా’ అని ఎవరైనా కోట్ల రూపాయల సర్వర్ల లెక్క తెస్తే ఈ గుణకారం వాళ్ల ముందే చేయండి.

అలాగని ఎక్సెల్‌తో సరిపెట్టుకోలేం. ఇంగ్లండ్‌లో 2020 శరదృతువులో 15,841 కోవిడ్ పాజిటివ్ కేసులు వారం రోజులపాటు లెక్కలోకి రాలేదు. కారణం వైరస్సు కాదు, పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో 65,536 వరుసల తర్వాత చోటు లేకపోవడం. అంత డబ్బున్న దేశంలోనే అలా జరిగింది.

నా ఓటు పోస్ట్‌గ్రెస్‌కి. 1986లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో మొదలైన పని అది. ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. లైసెన్సు ఖర్చు లేదు. ఒక్కో పెద్ద వెర్షన్‌ని ఐదేళ్లు చూసుకుంటారు, అంటే ఐదేళ్లకోసారి మార్చుకోవడానికి మనుషుల్నీ డబ్బునీ ఉంచుకోవాలి. ఈ మాట ఉచితం అని చెప్పేవాళ్లు చెప్పరు, అందుకే నేను చెబుతున్నా. ప్రభుత్వ ప్రాజెక్టుల్లో ఓపెన్ సోర్స్‌కి (ఎవరైనా విప్పి చూసి వాడుకోగలిగే సాఫ్ట్‌వేర్‌కి) ముందు చోటివ్వాలని, వద్దనుకుంటే కారణం చెప్పాలని కేంద్రం 2015లోనే విధానం తెచ్చింది. మీ ఫైలులో ఆ కాగితం ఎక్కడో ఉండే ఉంటుంది.

ఒరాకిల్ చెడ్డదా? కాదు, నాకు పని నేర్పింది అదే. కానీ దాని ధరల పట్టిక ప్రకారం ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ ఒక్కో ప్రాసెసర్ లైసెన్సు 47,500 డాలర్లు, ఆ పైన ఏటా సపోర్టుకి 22 శాతం. తగ్గింపులు ఇస్తారు, నిజమే. ఐదేళ్లు తిరిగేసరికి సపోర్టు ఖర్చే లైసెన్సు ధరని దాటిపోతుంది, అదీ నిజమే. రాష్ట్ర డేటా సెంటర్లో ఇప్పటికే కొని పెట్టిన లైసెన్సు, దాన్ని నడిపే మనుషులు ఉంటే వాడుకోండి, నాకు పేచీ లేదు. మన కోసం కొత్తగా కొనొద్దు. మై ఎస్క్యూఎల్ కూడా పనికొస్తుంది. అదిప్పుడు ఒరాకిల్ చేతిలోనే ఉంది, 2010 నుంచి. పట్టికలేవీ ముందే గీసుకోనక్కర్లేదు, ఏదైనా ఎలాగైనా పడేయొచ్చు అంటూ మోంగో డీబీ తెచ్చేవాళ్లూ ఉంటారు. రిజిస్టర్ అంటేనే గళ్లు గీసిన పుస్తకం. గళ్లు లేని రిజిస్టర్ గోనెసంచి. అన్నట్టు, ఆ మోంగో లైసెన్సు నిబంధనలు మార్చేసింది 2018 అక్టోబరులో, మా తోటలు తిత్లీ తుపానుకి నేలకూలిన నెలలోనే. ఒకే కంపెనీ చేతిలో ఉన్న ‘ఉచితం’ ఎప్పుడు ఏమవుతుందో తెలీదు.

ఒక కంపెనీ చేయి వదిలేస్తే ఏమవుతుందో మన జిల్లాలోనే చూశాను. పేరెందుకు గానీ, ఒక ఆఫీసులో ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్‌లో రాసిన ప్రోగ్రాం ఉండేది. దాన్ని రాసినాయన రిటైరై పిల్లల దగ్గరికి వెళ్లిపోయాడు. ఫాక్స్‌ప్రోకి కొత్త వెర్షన్ రాదని మైక్రోసాఫ్ట్ 2007లోనే చెప్పేసింది, 2015 జనవరితో సపోర్టూ ఆపేసింది. ఆ ఆఫీసులో మాత్రం అదొక్కటే నడవాలి కాబట్టి ఒక పాత కంప్యూటర్‌ని గుడ్డ కప్పి ఉంచేవారు. ఒక వానాకాలం అది లేవలేదు. రికార్డులు బయటికి తీయడానికి నన్ను పిలిస్తే వెళ్లాను. ఫైళ్లు దొరికాయి. ఏ గడికి ఏమర్థమో రాసిన కాగితం మాత్రం దొరకలేదు. ‘ఎస్‌టీ3’ అనే గడిలో 1, 2, 9 అని ఉండేవి. ఆ తొమ్మిది ఏమిటో ఆ పెద్దాయనకి ఫోన్ చేసి అడిగితే, “గుర్తులేదమ్మా, చనిపోయినవాళ్లకి వేసేవాళ్లమేమో” అన్నాడు.

ఆ ‘ఏమో’ ఈ రిజిస్టర్‌లో ఉండకూడదు. ప్రతి గడికీ అర్థం తెలుగులో రాసివ్వాలి. పట్టికల్లో ఏ మార్పు చేసినా నంబరు వేసిన ఫైలుగా ఉండాలి, ఎవరు ఎప్పుడు ఎందుకు మార్చారో వరుసగా కనపడాలి. ఈ పనికి ఫ్లైవే, లిక్విబేస్ లాంటి పనిముట్లున్నాయి. అడ్మిన్ పాస్‌వర్డ్ కాంట్రాక్టరు దగ్గర ఒక్కడి దగ్గరే ఉండకూడదు. మొత్తం డేటా మామూలు ఫైళ్లలో ఎప్పుడు అడిగితే అప్పుడు, అదనపు ఖర్చు లేకుండా ఇవ్వాలని ఒప్పందంలో ఉండాలి. డెమో రోజే అడగండి, “మేము నిన్ను వదిలేసి ఇంకొకరి దగ్గరికి వెళ్లాలంటే ఎలా?” అని. అతని మొహం చూస్తే చాలు.

తిత్లీ మాట వచ్చింది కాబట్టి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. మా ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. జబ్బు మాత్రం కరెంటు కోసం ఆగదు. అలాంటి రోజున సర్వర్ ఎక్కడో ఉండి, కౌంటర్లో తెర మీద చక్రం తిరుగుతూ ఉంటే ఆ సాఫ్ట్‌వేర్ ఎందుకు? ప్రతి కేంద్రంలో ఒక ల్యాప్‌టాప్‌లోనో ట్యాబ్‌లోనో తమ రోగుల కాపీ ఉండాలి. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఈ పనికి సరిపోతుంది, మన ఫోన్లన్నిటిలో ఉండేది అదే. లైను వచ్చాక పెద్ద సర్వర్‌తో కలుపుకోవాలి. ఒకే మనిషి రికార్డు రెండు చోట్ల మారి ఉంటే ఏది నిజం అన్నది ముందే తేల్చుకోవాలి. డెమో మధ్యలో లేచి నెట్ వైరు పీకేయండి. ఇది హాస్యానికి అనడం లేదు.

ఇంకొకటి, రాయడానికి మనసొప్పనిది. కిడ్నీ జబ్బున్న ఊరని తెలిస్తే పిల్లనిచ్చేవాళ్లు వెనకాడుతున్నారు. ఈ బాధ మా దగ్గర ఇంటింటా ఉంది. ఊరి వారీగా పేర్ల జాబితా ఒక్కటి వాట్సాప్‌లో పడితే ఎన్ని సంబంధాలు చెడతాయో లెక్కలేదు. కాబట్టి కవిటిలో కూర్చున్న ఆపరేటర్‌కి కవిటి రోగులే కనపడాలి. ఆ కట్టడి పైనున్న తెరలో కాదు, డేటాబేస్ లోపలే ఉండాలి. వరుస స్థాయిలో అనుమతులు పెట్టే వీలు పోస్ట్‌గ్రెస్‌లో ఉంది. ఎవరి రికార్డు ఎవరు తెరిచారో రాసిపెట్టాలి. మొత్తం జాబితాని ఎక్సెల్‌లోకి దింపే బటన్ అందరికీ ఉండకూడదు. పరిశోధకులకి పేర్లు తీసేసిన కాపీ చాలు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. చట్టం లేకపోయినా ఇది చేయాల్సిందే.

బ్యాకప్ గురించి ఒక్క ముక్క. గిట్‌ల్యాబ్ అని ప్రపంచమంతా వాడే సాఫ్ట్‌వేర్ సంస్థ. 2017 జనవరి 31 రాత్రి అలసిపోయిన ఇంజనీరు ఒకరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశారు. బ్యాకప్‌కి ఐదు పద్ధతులున్నాయి, ఐదూ సమయానికి అక్కరకు రాలేదు. ఆరు గంటల కిందట చేతితో తీసిన కాపీ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. వాళ్లు వాడింది నేను పొగుడుతున్న పోస్ట్‌గ్రెస్సే. కాబట్టి ‘బ్యాకప్ తీస్తున్నాం సార్’ అన్న మాట నమ్మకండి. మూడు నెలలకోసారి ఖాళీ కంప్యూటర్ మీద ఆ బ్యాకప్‌ని తిరిగి లేపి చూపించమనండి. లేవకపోతే ఆ నెల బిల్లు ఆపండి.

మనుషుల మాట. సర్వర్ ఆదివారం రాత్రి ఆగితే హైదరాబాద్ నుంచి ఎవరూ రారు. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది, ట్రిపుల్ ఐటీ ఉంది. విజయనగరంలో, రాజాంలో ఇంజనీరింగ్ పిల్లలున్నారు. వాళ్లలో ఓ అరడజను మందిని మొదటి రోజు నుంచి ఈ పనిలో కూర్చోబెట్టండి. కంపెనీవాళ్లు వాళ్లకి నేర్పడం కూడా ఒప్పందంలో భాగం కావాలి. సాఫ్ట్‌వేర్ ఏదన్న దానికంటే దాన్ని ఇక్కడ విప్పి చూడగలిగేవాళ్లు ఎంతమంది అన్నదే నాకు పెద్ద టెన్షన్. ఇప్పుడు చెప్పుకోవడానికి ఒక్కరు కూడా లేరు.

ఆ 500 వరుసల ఫైలు నేను తయారుచేశాను. మా చుట్టాలు, ఇరుగుపొరుగు, నాలుగు ఊళ్లవాళ్ల దగ్గర అడిగి, వాళ్లు ఒప్పుకున్నాక, గుర్తుపట్టకుండా వివరాలు అటూఇటూ మార్చి రాశాను. తప్పులు మాత్రం మార్చలేదు. స్పెల్లింగులు, జనవరి ఒకట్లు, చుక్క పోయిన అంకెలు ఎలా ఉన్నవి అలాగే ఉంచాను. ఏ సోమవారం గ్రీవెన్స్‌కి రమ్మన్నా కలెక్టరేట్‌కి తెచ్చిస్తాను. డబ్బులేమీ వద్దు. కంపెనీవాళ్లు దాన్ని ఎక్కించే రోజున వెనక కుర్చీలో కూర్చోనిస్తే చాలు.

నాన్న పోయి రెండో ఏడు నడుస్తోంది. ఆ బట్టల షాపు కవరు బీరువాలోనే ఉంది. అందులోని నాలుగు నంబర్లూ ఫైలులో నాలుగు వేర్వేరు చోట్ల పెట్టాను: 38వ వరుస, 171, 304, 466. ఈ నలుగురూ ఒకరేనేమో చూడండి అని ఎవరి సాఫ్ట్‌వేర్ అడుగుతుందో, వాళ్లతో మాట్లాడండి.

ఇట్లు,
కంచిలి మండలం నుంచి,
ఎర్రయ్య కూతురు